"చేసింది నేను కాదు, నాలోని పాపం" అని సంఘం ముందు చెప్పవచ్చునా?

ములుగురోడ్డు నివాసి

హనుమకొండలో మాది తొంభై కుటుంబాల చిన్న సంఘం. ప్రార్థన మందిరానికి రేకులు తీసేసి స్లాబు వేయాలని మూడేళ్లుగా చందాలు పోగు చేస్తున్నాము. ఆ లెక్కలు చూసిన కోశాధికారి పదకొండు నెలల కాలంలో 2,10,000 రూపాయలు విడతలు విడతలుగా తీసి క్రికెట్ పందేలలో పోగొట్టుకున్నాడని గత డిసెంబరులో బయటపడింది. ఆయన కమిటీ ముందు ఒప్పుకున్నాడు, 60,000 తిరిగి కట్టాడు, పోలీసుల దాకా వెళ్లవద్దని అందరమూ అనుకున్నాము. ఇంతవరకు నాకు పేచీ లేదు.

మొన్నటి ఆదివారం ఆయన సాక్ష్యం చెప్పడానికి లేచి రోమా పత్రిక 7వ అధ్యాయం తీశాడు. "దానిచేయునది నాయందు నివసించు పాపమే గాని నేను కాదు" అన్న 17వ వచనాన్ని చదివి, ఆ డబ్బు తీసింది తాను కాదని, తనలోని పాపమని, పాపాన్ని ద్వేషించి పాపిని ప్రేమించమని బైబిలు చెబుతోంది కాబట్టి తనను మళ్లీ పాటల బృందంలోకి తీసుకోవాలని అన్నాడు. సగం మంది ఆమేన్ అన్నారు. ఎనుమాముల మార్కెట్లో మిరపకాయల తొడిమలు తీసి కూలి సంపాదించుకునే ఒక అవ్వ, స్లాబు కోసం రెండు వేలు ఇచ్చిన మనిషి, ఒక్క మాట అనకుండా లేచి చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. ఆ తరువాత పాస్టర్ గారు ఏ వాక్యం చెప్పారో నాకు గుర్తు లేదు.

మనిషిని ఆయన పాపం నుండి వేరు చేసి చూడాలని చిన్నప్పటి నుండి వింటున్నాము. ఆ మాట ఇలా వాడుకోవడానికేనా? తెలిసినవారు చెప్పండి.


సందేహాల తోమా

ముందుగా ఒక సవరణ. "పాపాన్ని ద్వేషించు, పాపిని ప్రేమించు" అనే వాక్యం బైబిలులో ఎక్కడా లేదు. దానికి మూలమని చెప్పదగినది, ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో పట్టణపు బిషప్ అగస్టీను సుమారు 424లో ఒక మఠంలోని సన్యాసినులకు రాసిన ఉత్తరం. ఆయన ఉత్తరాల వరుసలో అది 211వది. "మనుషుల మీద ప్రేమతో, దోషాల మీద ద్వేషంతో" అని ఆ లాటిను మాటలకు అర్థం చెప్పుకోవచ్చు. అయితే ఆ మాట వచ్చిన చోటు చూడండి. తప్పు చేసిన సోదరిని ఎలా హెచ్చరించాలి, వినకపోతే ఎవరి దృష్టికి తీసుకువెళ్లాలి, ఎలా శిక్షించాలి అని వివరిస్తూ, శిక్షించేవారి మనసు ఎలా ఉండాలో చెప్పడానికి ఆయన ఆ మాట రాశాడు. అంటే అది దిద్దేవారికి పెట్టిన కళ్లెం. మీ కోశాధికారి దానిని గొడుగుగా పట్టుకున్నాడు.

గాంధీ కూడా తన ఆత్మకథలో ఈ సూత్రాన్ని ప్రస్తావించి, ఇది అర్థం చేసుకోవడానికి సులువే గాని ఆచరణలో అరుదని, లోకంలో ద్వేషమనే విషం వ్యాపించడానికి కారణం అదేనని రాశాడు.


కాజీపేట కూత

డబ్బు తీసింది ఆయనలోని పాపమే అయితే, మిగిలిన 1,50,000కు ఆ పాపం పేరు మీదనే ప్రామిసరీ నోటు రాయించుకోండి. సాక్షి సంతకానికి నేను వస్తాను.


డోర్నకల్ మనుమడు

నోటు సంగతి కమిటీ చూసుకుంటుంది, వచనం సంగతి మనం చూద్దాము. రోమా 7లో మాట్లాడుతున్నది ఆ పత్రిక రాసిన, విశ్వాసి అయిన పౌలా, లేక మారుమనస్సుకు ముందటి మనిషా అన్న వాదం సంఘ చరిత్రలో చాలా పాతది. తోమా గారు చెప్పిన అగస్టీనే మొదట ఒక విధంగా చెప్పి, తరువాత తన అభిప్రాయం మార్చుకున్నాడు. ఏ పక్షం వహించినా ఒక్కటి మాత్రం స్పష్టం: ఆ అధ్యాయంలోని మనిషి తాను కోరని పని చేస్తూ బాధపడుతున్నాడు. రసీదు పుస్తకం ముందు పెట్టుకుని, ఏ నెలలో ఎంత తీస్తే ఎవరికీ తెలియదో పదకొండు నెలలు లెక్క వేసుకున్నవాడు ఆ వచనం చదివే ముందు కొంచెం ఆగవలసింది.

పైగా ఆ అధ్యాయం 17వ వచనంతో ముగిసిపోలేదు. 24వ వచనంలో "నేనెంత దౌర్భాగ్యుడను" అని అదే నోరు అంటుంది. నాలోని పాపమెంత దౌర్భాగ్యమో అని అనలేదు.


జనగామ నర్సు

అందరూ కోశాధికారి మీద పడ్డారు గాని, ఈ సమస్యకు ఇంకో కొస ఉన్నది. మా బాపు పద్దెనిమిదేళ్లు తాగి, మానేసి తొమ్మిదేళ్లు అయింది. మా ఊరి సంఘంలో ఏటా ఉజ్జీవ సభలు జరిగినప్పుడల్లా ఆయనను వేదిక మీదికి పిలిచి, "ఒకప్పుడు మోరీలో పడి ఉన్న తాగుబోతు" అని మైకులో పరిచయం చేస్తారు. మోరీని మాత్రం ఏ ఏడూ వదలరు. నాకు సంబంధాలు చూస్తున్న రోజులలో ఒక ఇంటివారు సంఘంలో వాకబు చేస్తే, "ఆ తాగుబోతు సాక్ష్యం చెప్పే ఆయన కూతురే" అని జవాబు వచ్చిందట. తొమ్మిదేళ్లుగా తెల్లవారుజామున నాలుగింటికి లేచి పాల కేంద్రంలో పాలు కొలుస్తున్నాడన్న సంగతి ఒక్కరి నోటా రాలేదు.

నేను కొంతకాలం తాగుడు మాన్పించే కేంద్రంలో పనిచేశాను. అక్కడ ఆల్కహాలిక్స్ అనానిమస్ వారి సమావేశాలు జరిగేవి. 1935లో అమెరికాలో మొదలైన ఆ సహవాసంలో, మానేసి ఇరవై ఏళ్లు గడిచినవారు కూడా పేరు చెప్పి "నేను ఆల్కహాలిక్‌ను" అనే పరిచయం చేసుకుంటారు. అదే దేశంలో 1991లో ఒక సంఘంలో పుట్టిన సెలబ్రేట్ రికవరీ అనే క్రైస్తవ కార్యక్రమంలో, "నేను క్రీస్తు విశ్వాసిని, తాగుడుతో పోరాడుతున్నాను" అంటారు. అక్కడ విశ్వాసం ముందు వస్తుంది, పోరాటం వెనుక వస్తుంది. ఈ రెండూ బాపుకు వివరించి, ఏది నచ్చిందని అడిగాను. రెండోదే చెబుతాడనుకున్నాను. ఆయన మొదటిదే తనకు నయమని, ఆ మాట మరిచిన రోజున మళ్లీ సీసా దగ్గరికే పోతానని అన్నాడు. కొంచెం సేపు ఆగి, "నా నోటితో నేను చెప్పుకుంటే అది మందు బిడ్డా, ఇంకొకరు మైకులో చెబితే అది తిట్టు" అన్నాడు.


కాజీపేట కూత

నేను నవ్వించాలని వచ్చాను గాని, మీ బాపు మాట చదివిన తరువాత నవ్వు రావడం లేదు.


ఫాతిమానగర్ ఉపదేశి

మా కతోలిక విచారణలలో, అంటే గురువుల కింద ఉండే మా స్థానిక సంఘాలలో, ఈ సమస్య ఇంకో రూపంలో తీరుతుంది. పాపసంకీర్తనానికి వెళ్లినవాడు గురువు ముందు "నేను చేశాను" అని మొదలుపెట్టవలసిందే. పూజ ఆరంభంలో రొమ్ము తట్టుకుంటూ చెప్పే ప్రార్థనలో కూడా అది నా పాపం, నా పాపం, నా గొప్ప పాపం అన్న భావమే మూడు సార్లు వస్తుంది. మా తాత మూడోసారి తట్టుకున్నప్పుడు వెనుక బెంచీ వరకు వినిపించేది.

అలా ఒప్పుకున్న మాట ఆ గురువు నోటి నుండి మళ్లీ ఎన్నటికీ బయటికి రాకూడదు, దానిని వేదిక మీద వాడుకునే అవకాశమే లేదు. అక్క చెప్పిన మోరీ కథ అక్కడే ఆగిపోతుంది. దొంగతనం విషయంలో ఇంకొకటి ఉన్నది. తీసినది తిరిగి ఇవ్వగలిగి ఉండి ఇవ్వనంటే పశ్చాత్తాపం నిజం కాదు. క్షమాపణ దొరికినంత మాత్రాన బాకీ రద్దు కాదు.

సిద్ధాంతానికి వస్తే, 1546లో ట్రెంటు పట్టణంలో కూడిన కతోలిక బిషప్పుల మహాసభ ఒక తేడా గీసింది. జ్ఞానస్నానం తరువాత కూడా మనిషిలో పాపం వైపు మొగ్గు మిగిలి ఉంటుంది గాని, ఆ మొగ్గు తనంతట తాను పాపం కాదని, దానికి మనసు ఒప్పుకున్నప్పుడే పాపం అవుతుందని చెప్పింది. పందెం కాయాలనిపించడం ఒకటి, గల్లాపెట్టె తెరవడం ఇంకొకటి.


సందేహాల తోమా

ఉపదేశి గారు చెప్పిన తేడా దగ్గరనే ప్రొటెస్టెంటులు విడిపోయారు. విశ్వాసి ఒకే సమయంలో నీతిమంతుడు, పాపి కూడా అని ప్రొటెస్టెంటు ఉద్యమానికి ఆద్యుడైన లూథరు చెప్పాడు. ఆ మొగ్గు కూడా పాపమేనని, అయినా క్రీస్తును బట్టి దేవుడు దానిని లెక్కలోకి తీసుకోడని ఆయన వాదం.


కాజీపేట కూత

అంటే సగం నీతిమంతుడు, సగం పాపి అనా?


సందేహాల తోమా

సగం సగం కాదు. తనను తాను చూసుకుంటే పూర్తిగా పాపి, క్రీస్తులో చూస్తే పూర్తిగా నీతిమంతుడు. లెక్కల మాస్టారు ఒప్పుకోకపోవచ్చు గాని లూథరు చెప్పింది అదే.

అగస్టీను దగ్గర ఇంకొక సంగతి మిగిలిపోయింది. యువకుడిగా ఆయన సుమారు తొమ్మిదేళ్లు, మంచి చెడు రెండు వేరు వేరు శక్తులని బోధించిన మానీ మతస్థుల వెంట తిరిగాడు. పాపం చేసేది మనం కాదని, మనలో ఉన్న వేరే ఏదో స్వభావం చేస్తుందని తాను అప్పట్లో నమ్మానని, అలా నమ్మితే తప్పు తనది కాకుండా పోయి తన గర్వానికి హాయిగా ఉండేదని, 397 తరువాత రాసిన తన ఒప్పుకోలు గ్రంథం అయిదవ భాగంలో చెప్పుకున్నాడు. మీ కోశాధికారి ఆదివారం నాడు చెప్పింది అక్షరాలా ఆ మానీ మతస్థుల మాటే. దోషాన్ని మనిషి నుండి వేరు చేసి ద్వేషించమన్నదీ, దోషాన్ని తన నుండి వేరు చేసుకున్నందుకు సిగ్గుపడినదీ ఒకే మనిషి. ఆయనకు ఈ రెండింటి మధ్య వైరుధ్యం కనిపించలేదు. ఎందుకు కనిపించలేదో నేను ఇంకా ఆలోచిస్తున్నాను.


ములాఖత్ మిత్రుడు

నేను పద్నాలుగేళ్లు వరంగల్ కేంద్ర కారాగారానికి నెలకు రెండు ఆదివారాలు ప్రార్థన కోసం వెళ్లాను. 2021లో ఖైదీలను వేరే జైళ్లకు తరలించి, పెద్దాసుపత్రి కట్టడానికి ఆ భవనాలను కూల్చివేసే వరకు ఆ పని సాగింది. లోపల కొత్తవాడి మొదటి పరిచయం సెక్షనుతో జరుగుతుంది. ఇతను మూడు వందల రెండు (హత్య), అతను మూడు వందల డెబ్బయి తొమ్మిది (దొంగతనం) అంటారు. ఇంటి పేరు తెలియడానికి నెలలు పడుతుంది. 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చి, హత్యకు శిక్ష చెప్పే 302 కాస్తా 103 అయింది. శిక్ష ముగించుకుని వచ్చిన ఒకాయన ఆ మధ్య హనుమకొండ చౌరస్తాలో కలిసి, "నా నంబరు మారింది సార్, ఊళ్లో నా పేరు మాత్రం మారలేదు" అన్నాడు.

ఆయన గెట్టు తగాదాలో సొంత తమ్ముడిని పారతో కొట్టి చంపిన మనిషి. మొదటి మూడేళ్లు ఆ రోజు తనకు సైతాను పట్టిందని చెప్పేవాడు. ఆ మూడేళ్లలో నేను చెప్పిన ఏ మాటా ఆయనలోకి దిగలేదు, ఎందుకంటే చెప్పించుకోవడానికి అక్కడ మనిషి లేడు, చేసినవాడు సైతాను కదా. ఒక ఆదివారం నేను ప్రార్థన ముగించి సంచి సర్దుకుంటుంటే వచ్చి, "కొట్టింది నేనే, వాడు అన్నా అని పిలిచినంక కూడా కొట్టిన" అన్నాడు. ఆ రోజే మొదటిసారిగా, నీవు చేసిన పని కంటే నీవు పెద్దవాడివని ఆయనతో చెప్పగలిగాను.

అయితే అంతటితో అయిపోయిందని అనుకోకండి. ఒప్పుకున్న తరువాత ఆయన అవతలి ఒడ్డుకు పోయాడు. తాను హంతకుడు తప్ప ఇంకేమీ కాదని, కూతురు ములాఖత్‌కు వస్తే చూడనని మొండికేశాడు. ఆ అమ్మాయి పరకాల నుండి బస్సులో వచ్చి రెండుసార్లు వెనక్కి పోయింది. "నీవు తండ్రివి కూడా, ఆ పేరు కోర్టు తీసేయలేదు" అని ఆయనకు నచ్చజెప్పడానికి, సైతాను మాట మాన్పించడానికి పట్టినంత కాలమే పట్టింది.


సుంకరి వారబ్బాయి

మా ఇంటి పేరు సుంకరి, బైబిలు భాషలో పన్ను వసూలు చేసేవాడు. సండే స్కూలులో "సుంకరులును పాపులును" అన్న మాట వచ్చినప్పుడల్లా పిల్లలందరూ నా వైపు తిరిగి చూసేవారు, కాబట్టి ఈ విషయంలో నాకు అనుభవం ఉన్నదనే చెప్పాలి.

మత్తయి సంగతి ఒకటి గమనించండి. పన్నెండుమంది అపొస్తలుల జాబితా మార్కు, లూకా సువార్తలలో కూడా ఉంది, అక్కడ ఆయన ఉత్త మత్తయి. మత్తయి పేరు మీదనున్న సువార్త 10వ అధ్యాయంలో మాత్రమే ఆయన "సుంకరియైన మత్తయి". సంఘ సంప్రదాయం చెప్పినట్లు ఆ సువార్త ఆయనే రాసి ఉంటే, తోటివారు తీసేసిన తోకను ఆయనే తగిలించుకున్నాడన్నమాట. నర్సు గారి బాపు చెప్పినది నాకు ఇక్కడ కనిపించింది.

కాని రాహాబు దగ్గర నాకు లెక్క కుదరడం లేదు. మత్తయి సువార్తలోని యేసు వంశావళిలో ఆమె ఉత్త రాహాబు. హెబ్రీ పత్రికలో, యాకోబు పత్రికలో మాత్రం వెయ్యేళ్లు దాటిన తరువాత కూడా "రాహాబను వేశ్య". ఆమె విశ్వాసాన్ని పొగిడే వాక్యాలలోనే ఆ మాట ఉంది. ఉజ్జీవ సభ మైకు పట్టుకున్న పెద్దలు ఆ వచనాలే చూపిస్తే ఏం జవాబు చెప్పాలి?


విశ్రాంత తెలుగు పంతులు

వేదాంతం నా విషయం కాదు, వ్యాకరణం నా విషయం. సుంకరి వారబ్బాయి గారి ప్రశ్నకు పూర్తి జవాబు నా దగ్గర లేదు గాని, పురుషలు, కాలాలు చూడమని మాత్రం చెప్పగలను. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 6వ అధ్యాయంలో పౌలు దొంగలను, లోభులను, త్రాగుబోతులను వరుసగా పేర్కొని, "మీలో కొందరు అట్టివారై యుంటిరి" అంటాడు. అది మధ్యమ పురుష, భూతకాలం. అదే పౌలు తిమోతికి రాస్తూ, పాపులలో "నేను ప్రధానుడను" అంటాడు. అది ఉత్తమ పురుష, వర్తమానం. సంఘాన్ని హింసించి అప్పటికి ఏళ్లు గడిచాయి, "ప్రధానుడనై యుంటిని" అని రాసుకునే వీలు ఆయనకు ఉంది, అయినా రాయలేదు. ఎదుటివారి విషయంలో "యుంటిరి", తన విషయంలో "ను". మీ కోశాధికారి ఈ రెండు ప్రత్యయాలను తారుమారు చేసుకున్నాడు, మోరీ కథ చెప్పే పెద్దలు కూడా అదే తప్పును అటు వైపు నుండి చేశారు. తోమా గారు ఆలోచిస్తున్న అగస్టీను చిక్కుముడి కూడా ఇక్కడే విడిపోతుందేమో చూడండి.

ఒక చిన్న పిట్టకథతో ఆపుతాను. తెలుగులో మనం దోషానికి వాడే మాటనే జాలికీ వాడతాము. బడిలో పిల్లవాడు పడి మోకాలు చెక్కుకుంటే "అయ్యో పాపం" అంటాము. నేను ముప్పై రెండేళ్లు ఈ భాష చెప్పి కూడా, ఒక క్రైస్తవ విద్యార్థిని "పాపం అంటే తప్పు కదా సార్, మరి పడినవాడిని ఎందుకు పాపం అంటారు" అని అడిగిన రోజు వరకు ఈ సంగతి ఆలోచించలేదు. ఆ పిల్లకు ఆ రోజు నేను సరైన జవాబు చెప్పలేదు.


డోర్నకల్ మనుమడు

పంతులు గారి సూత్రం అందంగా ఉన్నది, అందుకే నాకు అనుమానం. ఊరియాను చంపించి అతని భార్యను తీసుకున్న దావీదు రాజు ముందు నాతాను ప్రవక్త నిలబడి "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు. అది మధ్యమ పురుష, భూతకాలం కూడా కాదు. ఆ రోజు నాతాను వ్యాకరణం పాటించి ఉంటే ఊరియా చావు సంగతి ఎవరికీ తెలిసేది కాదు.


విశ్రాంత తెలుగు పంతులు

ఒప్పుకుంటున్నాను. దావీదు ఇంకా ఒప్పుకోలేదు కాబట్టి నాతాను ఆ మాట అనవలసి వచ్చిందని మాత్రం చేర్చుకోండి. "నేను పాపము చేసితిని" అని రాజు అన్న మరుక్షణం, యెహోవా నీ పాపమును పరిహరించెనని అదే నాతాను అన్నాడు.


డోర్నకల్ మనుమడు

పరిహరించిన తరువాత కూడా మత్తయి మొదటి అధ్యాయం "ఊరియా భార్య" అనే రాసింది, బత్షెబ అని రాయలేదు. క్షమాపణ దొరికింది, చరిత్ర చెరిగిపోలేదు. నష్టపోయినవాడి పేరు రాజుగారి వంశావళిలో నిలిచిపోయింది. నాకు మిరపకాయల అవ్వ గుర్తుకు వస్తున్నది.


అమ్మమ్మ ఊరు

ఇంతవరకు అందరూ చేసిన పాపం గురించి మాట్లాడారు. చేయని పాపాన్ని పేరుగా మోసినవారి సంగతి నేను చెబుతాను. నేను వరంగల్‌లో స్థిరపడ్డాను గాని, మా అమ్మమ్మది బాపట్ల దగ్గరి స్టువర్టుపురం. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికి వర్తింపజేసిన తరువాత, ఎరుకల కుటుంబాలను తెచ్చి అక్కడ ఉంచారు. ఆ సెటిల్మెంటు నిర్వహణ సాల్వేషన్ ఆర్మీ చేతిలో ఉండేది. చట్టం దృష్టిలో పుట్టిన బిడ్డ కూడా నేరస్థ తెగవాడే. హాజరు పలకాలి, ఊరు దాటాలంటే అనుమతి చీటీ ఉండాలి. 1952 ఆగస్టు 31న ఆ ముద్ర తొలగించారు. కాగితం మీద తొలగించారని చదువుకోవాలి, ఎందుకంటే మా మామయ్య ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్లి ఊరి పేరు చెప్పగానే ఎదుటివారు బల్ల మీది పెన్ను జేబులో పెట్టుకున్నారట.

అక్కడి గుడిలో పాపుల కోసం క్రీస్తు వచ్చాడన్న మాట వింటున్నప్పుడు తనకు రెండు రకాలుగా వినిపించేదని అమ్మమ్మ అనేది. లోకమంతా పాపులేనని విన్నప్పుడు అందరితో సమానమైనట్లు సంతోషంగా ఉండేదట. మీరు పాపులని విన్నప్పుడు మాత్రం పోలీసు హాజరు పిలుస్తున్నట్లు ఉండేదట.


డోర్నకల్ మనుమడు

మీ అమ్మమ్మ చెప్పిన రెండో వినికిడి మా వైపు కూడా ఉండేది. మాల, మాదిగ కుటుంబాలకు వారి పుట్టుకే వెనుకటి జన్మల పాపఫలమని చెప్పిన సమాజం అది. 1912లో డోర్నకల్‌కు బిషప్‌గా వచ్చిన అజరయ్య, ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు. బాప్తిస్మం పొందినవారి చేత తలమీద చేయి పెట్టించి, తాము బాప్తిస్మం పొందిన క్రైస్తవులమని, సువార్త ప్రకటించకపోతే తమకు శ్రమ అని పలికించేవాడు. మా తాత ఆ మాట చెప్పేటప్పుడు ముసలితనంలో కూడా చేయి తలమీదికి పోయేది. ఏమి మానేశావని అక్కడ ఎవరూ అడగలేదు, నీవు ఎవరివని అడిగారు.


పేరు వద్దు

చాలాసేపు రాయాలా వద్దా అని ఆలోచించాను. నాకు నాలాంటి మగవారి మీదనే మనసు పోతుంది. నేను విశ్వాసిని, ఎవరితోనూ సంబంధం పెట్టుకోలేదు. కౌన్సెలింగు కోసం వెళ్లిన చోట నాకు చెప్పిన మొదటి వాక్యం, "నిన్ను ప్రేమిస్తాము బ్రదర్, నీ పాపాన్ని ద్వేషిస్తాము" అన్నదే. ఏ పాపం అని అడిగాను, జవాబు రాలేదు. మిగిలినవారి విషయంలో ఆ వాక్యం చేసిన పనినీ మనిషినీ వేరు చేస్తుంది. నా విషయంలో చేసిన పని లేదు, కాబట్టి వేరు చేయడానికి వారికి నేనే దొరికాను.

ఉపదేశి గారు చెప్పిన ట్రెంటు తేడా నాకు ఈ వారం కొంత ఊపిరి ఇచ్చింది.


ఫాతిమానగర్ ఉపదేశి

మీరు రాసినందుకు సంతోషం. 1986లో వాటికన్ విశ్వాస విభాగం బిషప్పులకు రాసిన ఉత్తరంలో, స్వలింగ క్రియలను తప్పుగానే చెప్పింది, ఆ మొగ్గు గురించి కూడా కఠినంగానే మాట్లాడింది. అదే ఉత్తరం, మనిషిని అతని లైంగిక మొగ్గుతో మాత్రమే గుర్తించడానికి సంఘం నిరాకరిస్తుందని, దేవుని సృష్టి, కృప వలన ఆయన బిడ్డ అన్నదే ప్రతివారి మూల గుర్తింపు అని కూడా చెప్పింది. అమెరికాలోని ఎవాంజెలికల్ నాయకులు 2017లో వెలువరించిన నాష్‌విల్ ప్రకటన అలాంటి స్వీయ గుర్తింపే తగదని చెప్పింది. ఆ పదం వాడుకోవచ్చునా లేదా అని అక్కడి సంఘాలు ఇప్పటికీ వాదించుకుంటున్నాయి. నేను మా సంఘం పక్షానే ఉన్నాను, దాచను. కాని ఆ కౌన్సెలింగులో మీకు చెప్పిన వాక్యం నేను చెప్పి ఉండేవాడిని కాదు.


పేరు వద్దు

మీతో ఏకీభవించని చోట్లు నాకు ఉన్నాయి. దాచలేదు కాబట్టి చదవగలిగాను.


సందేహాల తోమా

కోశాధికారి సంగతికి వస్తే, సుంకపు గుత్తదారుడైన జక్కయ్యను ఎవరూ తేలేదేమిటి? యేసు పాపియైన మనుష్యుని ఇంట బసకు వెళ్లాడని జనం సణిగారు. జక్కయ్య తన ఆస్తిలో సగం బీదలకు ఇస్తానని, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానని నిలబడి చెప్పాడు. ఆ తరువాత యేసు "ఇతడును అబ్రాహాము కుమారుడే" అన్నాడు. ఆ పేరు ఇచ్చింది ఆయన, జక్కయ్య పెట్టుకున్నది కాదు.


కాజీపేట కూత

2,10,000కు నాలుగంతలు 8,40,000. స్లాబుతో పాటు పై అంతస్తు కూడా లేస్తుంది.


ములుగురోడ్డు నివాసి

పది రోజులు ఏమీ రాయలేదు, క్షమించండి. ఈ చర్చలోని కొన్ని మాటలు, పేర్లు లేకుండా, కాగితం మీద రాసి కోశాధికారికి ఇచ్చాను. మొదట కోపగించుకున్నాడు. నాలుగో రోజున వచ్చి, అవ్వ ఇంటికి తోడు రమ్మన్నాడు.

సాయంత్రం వెళ్లేసరికి ఆమె వాకిట్లో కూర్చుని, మిరప ఘాటుకు మండుతున్న చేతులకు నూనె రాసుకుంటున్నది. ఆయన బైబిలు తెచ్చాడు గాని తెరవలేదు. తప్పు జరిగిపోయిందని మొదలుపెట్టాడు. ఆమె చేతుల వైపే చూస్తూ, "ఎవరు తీసుకున్నరు బిడ్డా?" అని అడిగింది. ఆయన మళ్లీ తప్పు జరిగిపోయిందన్నాడు. ఆమె అదే ప్రశ్న అదే గొంతుతో ఇంకొకసారి అడిగింది. నేను పక్కన నిలబడి ఉండలేక గేటు దాకా వెళ్లాను. "నేనే తీసుకున్న అవ్వా" అన్న మాట అక్కడికి వినిపించింది.

ఆయన ఇచ్చిన అయిదు వందలు ఆమె రెండుసార్లు లెక్కపెట్టి కొంగున ముడి వేసుకున్నది. క్షమించానని అనలేదు. మాకు చాయ్ పోసింది. మిగిలిన మొత్తానికి నెలకు అయిదు వేల చొప్పున కడతానని ఆయన కమిటీకి రాసి ఇచ్చాడు. పాటల బృందం విషయం ఎవరూ ఎత్తలేదు, ఆయన కూడా ఎత్తలేదు.


జనగామ నర్సు

ఆ అవ్వ ఆదివారం వచ్చిందా?


ములుగురోడ్డు నివాసి

వచ్చింది. ఎప్పుడూ కూర్చునే ముందు వరుసలో కాకుండా తలుపు దగ్గర కూర్చున్నది.


సుంకరి వారబ్బాయి

రాహాబు సంగతి ఇంకా తేలలేదని గుర్తు చేస్తున్నాను.


కాజీపేట కూత

నెలకు అయిదు వేలంటే ముప్పై నెలలు. జూన్‌లో వానలు పడతాయి. రేకుల మీద కప్పడానికి మా దగ్గర రెండు తాడిపత్రి పట్టలు ఉన్నాయి, ఎవరైనా బండి తెస్తే ఇస్తాను.